వెనక గది పిల్లులు

మసిగాడు మళ్ళీ తుమ్మాడు.

మొదటి రెండు తుమ్ముల్నీ ఎవరి మటుకు వాళ్ళు విననట్టే ఊరుకున్నారు. మూడోది అలా పోనిచ్చేది కాదు. పొద్దుటి కాఫీ కప్పుల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. కుర్చీ మీద నల్లటి ఉండలా ముడుచుకుని ఉన్న పిల్లి తల విదిలించి, ముందుకాలితో ముక్కు రుద్దుకుంది. ఎడమ కంటి కొసన నీటిచుక్క నిలిచింది.

"అయిపోయింది," అంది మరదలు. చేతిలో పాలసీసా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "వెనక గదిలో రోగం ముందు గదిలోకి వచ్చేసింది."

ఎవర్ని అంటోందో వేరే చెప్పక్కర్లేదు. స్టోరమ్మ కప్పు కింద పెట్టింది.

బస్సు డిపోలో విడిభాగాల స్టోరు ఆవిడ చేతిలో ఉంటుంది కాబట్టి అక్కడందరికీ ఆవిడ స్టోరమ్మ. ఏ నట్టు ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. పాత టైర్ల గుట్ట వెనక కాపురమున్న మచ్చిక కాని పిల్లులు కళ్ళు పుసులు కట్టి, ముక్కులు మూసుకుపోయి ఒక్కొక్కటే రాలిపోతుంటే, మేనేజరు వాటిని బయట పారేయించమన్నాడు. నాలుగింటిని బోనులో పెట్టి ఇంటికి తెచ్చింది. తెచ్చి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. అందులో ఒకటి రెండో రోజే పోయింది. మిగిలిన మూడూ వెనక, బట్టలుతికే గదిలో ఉన్నాయి.

"అక్కా," అన్నాడు తమ్ముడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. మాట కూడా మర బిగించినట్టు, చుట్టు చుట్టుకీ ఆగి అంటాడు. "గుమ్మం దాటదన్నావు కదా."

"దానంతటది దాటదురా. ఎవరో ఒకరు దాటించాలి."

"అంటే?" మరదలు గొంతు లేచింది. "మేం దాటించామనా వదినా? మా ఇంట్లో పిల్లికి మేమే తగిలించామనా?"

"నేనలా అన్లేదు."

"ఇంకెలా అంటారు? ముందు గదిలో ఆరుగురు పసివాళ్ళు పాకుతుంటారు. వాళ్ళ అమ్మలు నా మీద నమ్మకంతో వదిలేసి ఉద్యోగాలకి పోతారు. వెనక గదిలో మీరు వైరస్‌ పెంచుతున్నారు. రేపు ఒక పాప తుమ్మినా అది నా నెత్తినే కదా!"

"మనుషులకి రాదది. నూరుసార్లు చెప్పాను."

"మసిగాడికీ రాదనే చెప్పారు!"

తొమ్మిది రోజులుగా స్టోరమ్మ పెట్టుకున్న కట్టుబాట్లు ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆ గదికి వేరే చెప్పులు, వేరే ఖాకీ చొక్కా. గుమ్మంలో బ్లీచింగ్‌ నీళ్ళ పళ్ళెం. లోపలి గిన్నె బయటికి రాదు, బయటి గుడ్డ లోపలికి పోదు. తాళం లేదు గానీ, తాళం కంటే గట్టిగా మాట ఉంది. ఆ గదిలోకి తను తప్ప ఎవరూ అడుగు పెట్టకూడదు.

ఎక్కడ జారింది? చేతులు సరిగ్గా తోమలేదా? జుట్టుకేమైనా అంటుకుందా? తలుచుకున్నకొద్దీ ఆవిడకి తన చేతుల మీదే అనుమానం వేస్తోంది.

ఇంతలో మేనకోడలు లేచింది. పదేళ్ళ పిల్ల. మనిషి పిడికెడు, గొంతు ఇల్లంతా, అందుకని పిచిక అంటారు. ఈ పొద్దు మాత్రం నోరు విప్పలేదు. మసిగాణ్ణి ఎత్తి గుండెకి హత్తుకుంది. వాడు ఆ పిల్లకంటే ఏడాది పెద్దవాడు. ఉయ్యాల్లో ఉన్నప్పట్నుంచీ కాళ్ళ దగ్గర పడుకున్నవాడు.

"పద పిచికా, డాక్టరమ్మ దగ్గరికి," అంది స్టోరమ్మ.

పిచిక తల్లి వైపు చూసింది. తల్లి చూపు తిప్పుకుని, ఖాళీ సీసాని కడిగిందే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

*

వెనక గది పిల్లులకి మందిచ్చే పశువుల డాక్టరమ్మ మసిగాడి దవడలు రెండు వేళ్ళతో విడదీసి, లైటు వేసి చూసింది.

"నాలుక మీద పుండు. చూశారా, బియ్యపు గింజంత. అదే వైరస్‌." దవడ వదిలేసి, వాడి తల నిమిరింది. "టీకా ఎప్పుడు వేయించారు?"

"చిన్నప్పుడు. ఇంట్లోంచి కదలని పిల్లికెందుకులే అని ఆపేశాం."

"అందరూ అనే మాటే. పిల్లి కదలదు. మనం కదుల్తాం కదా." డాక్టరమ్మ చీటీ మీద రాస్తూ చెప్పింది. "ఈ వైరస్‌ని చంపే మందు నా దగ్గర లేదు. నేనిచ్చేది దాని వెనకాల చేరే చీముకి. మిగతాది వాడే పోరాడాలి. ముక్కు మూసుకుపోతే వాసన తెలీదు, వాసన తెలీని పిల్లి తిండి ముట్టదు. తిండి ముట్టని ముసలి పిల్లి మూడు రోజులు ఆగదు. వేణ్ణీళ్ళ ఆవిరి పట్టండి. చేప ఉడికించి, నీచు వాసన ముక్కుపుటాలు బద్దలయ్యేట్టు వేడివేడిగా పెట్టండి. ఎల్లుండి లోపల నోరు తెరిచి తింటే బతికాడన్నమాట."

"తినకపోతే?" పిచిక అడిగింది. పొద్దుట్నుంచీ అదే దాని మొదటి మాట.

డాక్టరమ్మ కలం ఆపి, ఆ పిల్ల మొహంలోకి చూసింది. అబద్ధం చెప్పే మనిషి కాదు. "తినిపించాలి," అంది.

తరవాత స్టోరమ్మ వైపు తిరిగింది. "ఇది గాల్లో ఎగురుకుంటూ వసారా దాటి వచ్చే జబ్బు కాదు. చేతుల మీద వస్తుంది, బట్టల మీద వస్తుంది, గిన్నెల మీద వస్తుంది. ఆ గదిలోకి మీరు కాక ఇంకెవరు వెళ్తారు?"

"ఎవరూ లేరండీ."

పిచిక గోరు కొరుక్కోవడం స్టోరమ్మ కంటపడింది.

తిరిగొచ్చే దారిలో, మసిగాడి బుట్ట ఇద్దరి మధ్యా ఊగుతుండగా, ఆవిడ వీలైనంత మెత్తగా అడిగింది. "పిచికా, నేను తిట్టను. స్టెప్నీని చూడ్డానికి వెళ్ళావా?"

స్టెప్నీ అంటే ఆ మూడింటిలో బుల్లిది, అరచేతిలో పట్టే కూన. డిపోలో పుట్టినవాటికి డిపో పేర్లే. గట్టిగా అరిచే తల్లిపిల్లి హారన్‌. చెవి తెగిన గండుపిల్లి లారీ.

"నేను కాదత్తా."

"మరెవరు?"

పిచిక బుట్టలోకే చూస్తూ నడిచింది. "నన్నడక్కు," అంది.

అడగొద్దనడంలోనే అంతా ఉందనుకుంది స్టోరమ్మ. పసిది, మనసాగక వెళ్ళుంటుంది. కొట్టినా తిట్టినా పోయేది కాదు. వీడు పోతే మాత్రం ఈ పిల్ల జన్మంతా తన చేతుల్ని తను క్షమించుకోలేదు.

*

ఇంటి ముందు ఒకావిడ పాపని భుజాన వేసుకుని, బట్టల సంచీ సర్దుకుంటోంది.

"తప్పుగా అనుకోకండి," అంటోంది మరదలితో. "రెండ్రోజులు మా అమ్మ దగ్గర ఉంచుకుంటాను. మా ఆయన వినడం లేదు."

"మనుషులకి రాదండీ అది," అంది మరదలు.

స్టోరమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. తన మాట మరదలి నోట వినడం అదే మొదలు.

ఆవిడ వెళ్ళిపోయింది. మరదలు గడప మీద అలాగే నిలబడింది. పసివాళ్ళ కోసం కట్టుకున్న ఏప్రన్‌ అంచుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ. "డాక్టరమ్మ ఏమంది?" అని అడిగింది, బుట్టలోకి చూడకుండా.

"అదే రోగం అంది. ఎల్లుండి లోపల తింటే బతుకుతాడంది."

మరదలు లోపలికి వెళ్ళిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, వెనకనుంచి తమ్ముడి బండి వచ్చి ఆగింది. మధ్యాహ్నం పూట ఎప్పుడూ ఇంటికి రాని మనిషి.

"అక్కా, నాలుగింటికి పిల్లుల్ని పట్టే బండి వస్తుంది. చెప్పేశాను."

"ఎవర్నడిగి చెప్పావు?"

"అడిగితే నువ్వు ఒప్పుకోవని."

"వాళ్ళేం చేస్తారో తెలుసా నీకు? ఊరవతల చెత్తదిబ్బల దగ్గర వదిలేస్తారు. కళ్ళు కనపడవు, వాసన తెలీదు. ఒక్క పూట బతకవు."

"మరి మా మసిగాడో?" తమ్ముడి గొంతు వణికింది. అక్క మాటకి ఎదురు చెప్పి ఎరగడు. నాన్న పోయిన ఏడాది నుంచి అక్కే వాడికి అన్నం, అక్కే వాడికి బడి. "నన్ను పెంచిన చేతులని, నువ్వు చెప్పింది నమ్మాను. పిల్లకి ఇప్పుడు నేనేం చెప్పాలి? మా అక్కకి డిపో పిల్లులు ఎక్కువయ్యాయని చెప్పనా?"

ఆ మాట అనేసి, అన్నందుకు తనే తల దించుకున్నాడు. స్టోరమ్మకి అనడానికి ఉంది. కానీ నోరు తెరిస్తే పిచిక పేరు బయటికి వస్తుందేమోనని పళ్ళు బిగించుకుంది. కక్కలేక మింగలేక వెనక గదికి నడిచింది.

*

ఖాకీ చొక్కా తొడుక్కుంది. చెప్పులు మార్చుకుంది. తలుపు తీయగానే బ్లీచింగ్‌ ఘాటూ, పుండు వాసనా కలిసి ముక్కుకి కొట్టాయి.

లారీ బోను మీద గుడ్డ తొలగించగానే అది మూలకి నక్కి బుస్సుమంది. బుస్సుమంటే బాగున్నట్టే. మందు కలిపిన చేపముద్దని పొడుగాటి గరిటెతో లోపలికి తోసింది. మచ్చిక కాని పిల్లిని ముట్టుకోవడమంటే గోళ్ళతో పత్రం రాయించుకోవడమే. చేతులకి బస్సు రేడియేటర్లు దించే మందపాటి తోలు తొడుగులు వేసుకుంది. హారన్‌ని తువ్వాలులో చుట్టి, మోకాళ్ళ మధ్య ఇరికించి, కంటిరెప్పల మీది పుసుల్ని వేణ్ణీళ్ళ దూదితో నానబెట్టి తీసింది. అది నోరంతా తెరిచి అరిచింది. గాలి తప్ప శబ్దం రాలేదు. డిపో అంతా మోగించిన గొంతు తొమ్మిది రోజులుగా మూగబోయింది.

చివరికి స్టెప్నీని చేతిలోకి తీసుకుంది. తీసుకుని, ఆగిపోయింది.

కూన కళ్ళు రెండూ తెరుచుకుని ఉన్నాయి. శుభ్రంగా తుడిచి ఉన్నాయి. ముక్కు దగ్గర్నుంచి బయటికి, ఒకే వరసన, పసిపిల్లల కళ్ళు తుడిచినట్టు. పొట్ట గుండ్రంగా నిండి ఉంది. పొద్దుటి గలాటాలో తను దీనికి పాలు పట్టనే లేదు.

మొన్నట్నుంచీ ఆవిడకి అంతుపట్టని సంగతి అది. మూడింటిలోకీ బలహీనమైనదే ఎలా కోలుకుంటోందని. మందు పట్టిందనుకుని మురిసిపోయింది కూడా.

బోను కింద గుడ్డ ఎత్తి చూసింది. కొసన మెత్తటి రబ్బరు ఉన్న చిన్న చెంచా. పళ్ళు రాని పసివాళ్ళకి తినిపించే చెంచా. అలాంటివి ముందు గది అరలో అరడజను ఉంటాయి.

పిచికకి ఇలా కళ్ళు తుడవడం తెలీదు.

వెనక అలికిడైంది. గుమ్మం అవతల మరదలు నిలబడి ఉంది. చెంచా వైపు చూసింది. ఇంక దాచడానికేం లేదని తెలిసిపోయిన మనిషి మొహం.

స్టోరమ్మ కూనని బోనులోకి దించింది.

"ఎప్పట్నుంచి?" అంది స్టోరమ్మ.

"మీరు డ్యూటీకి వెళ్ళాక. నాలుగో రోజు నుంచి."

"కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి సంగతి విన్నాను గానీ, కళ్ళు మూసుకుని పాలు పట్టే మనిషిని ఇప్పుడే చూస్తున్నా."

మరదలు నవ్వలేదు. "ఆ రోజు బట్టలు తీసుకోడానికి ఇటొచ్చాను. కిటికీలోంచి కనపడింది. తల్లి నోరు తెరుస్తుంది, శబ్దం రాదు. పిల్ల నోరు తెరుస్తుంది, దానికీ రాదు. వదినా, రోజూ ఆరుగురి ఏడుపు వినేదాన్ని. ఏడిస్తే ఎత్తుకోవచ్చు. ఏడవడానికి కూడా గొంతు లేనిదాన్ని చూసి ఎలా వెళ్ళిపోను?"

"చేతులు?"

"మోచేతుల దాకా కడుక్కున్నాను. ప్రతిసారీ. ఒట్టు."

"ఏప్రన్‌?"

మరదలు తన ఒంటి వైపు చూసుకుంది. చెయ్యి దానంతటదే ఒళ్ళోకి జారింది. మధ్యాహ్నం పసివాళ్ళు పడుకున్నాక రోజూ మసిగాడు వచ్చి తల పెట్టి నిద్రపోయే చోటికి.

"మార్చుకోలేదు," అంది.

స్టోరమ్మ గుమ్మం దాకా వచ్చింది. "మరి పొద్దున్న నన్ను అన్ని మాటలెందుకన్నావు? తమ్ముడి ముందు, పిల్ల ముందు? తెలిసుండే అన్నావా?"

"తెలిసే అన్నాను." మరదలి కళ్ళు నిండిపోయాయి. "వాడు తుమ్మగానే తెలిసిపోయింది. భయమేసింది. మీ మీద అరిస్తే నాది కాకుండా పోతుందేమో అనిపించింది. చెప్పకండి వదినా. మీకు దణ్ణం పెడతాను. మసిగాడికేమైనా అయితే పిచిక మళ్ళీ నా మొహం చూడదు."

అప్పుడు తట్టింది స్టోరమ్మకి, దారిలో ఆ పిల్ల 'నన్నడక్కు' అని ఎందుకందో. ఎవరికీ తెలీదనుకుని తల్లి దాస్తోంది. అంతా తెలిసి కూతురు దాస్తోంది.

"వెళ్ళి స్నానం చెయ్," అంది. "ఆ ఏప్రన్‌ బ్లీచింగ్‌లో నానబెట్టు. వాడికి చేప ఉడికించు."

*

నాలుగు కాకముందే బండి వచ్చింది. నీలం చొక్కా వేసుకున్న మనిషి వల భుజాన వేసుకుని వసారాలోకి వచ్చాడు. "ఏ గదండీ?"

అందరూ అక్కడే ఉన్నారు. పిచిక మసిగాడి బుట్టని ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. ఉడికించిన చేప గిన్నెలో ఆవిర్లు కక్కుతోంది. మూడుసార్లు నోటి దగ్గర పెట్టారు. మూడుసార్లూ వాడు మొహం తిప్పుకున్నాడు.

"తమ్ముడూ, బండి పంపించెయ్," అంది స్టోరమ్మ. "పిల్లులది కాదు తప్పు. నాది. మొన్న డ్యూటీకి తొందరై, చేతులు కడుక్కోకుండా మసిగాణ్ణి ఎత్తుకున్నాను. వాటిని తీసుకుని నేనే ఎక్కడికైనా పోతాను. రెండు రోజులు గడువియ్యి."

తమ్ముడు ఆవిడ వైపు నమ్మలేనట్టు చూశాడు. "నువ్వా? కడుక్కోకుండానా?"

"అబద్ధం," అంది పిచిక.

గట్టిగా అనలేదు. తల కూడా ఎత్తలేదు. "అత్త వాణ్ణి ఎత్తుకోలేదు. తొమ్మిది రోజుల్నుంచి ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. వాడు కాళ్ళకి రాసుకోడానికొస్తే గోడ పక్కనుంచి దాటుకుని పోయేది. నేను చూశాను."

"మరెవరు?" తండ్రి అడిగాడు.

పిచిక పెదాలు బిగించింది.

"పిచికా, నిన్నే. ఎవరు?"

"ఏ గదో చెప్పండి సార్‌," అన్నాడు వల మనిషి. "ఇంకా రెండు చోట్లకి పోవాలి."

తమ్ముడు వెనక వైపు చెయ్యి చూపించాడు. వల మనిషి కదిలాడు. స్టోరమ్మ అడ్డం వెళ్ళబోయింది గానీ, ఆవిడకంటే ముందు మరదలు కదిలింది. పరిగెత్తలేదు. తడి జుట్టుతో, వల మనిషి పక్కనుంచే నడిచి వెళ్ళి, చెప్పులు గుమ్మం బయట విడిచి, వెనక గదిలోకి అడుగుపెట్టి తలుపు వేసుకుంది. లోపల గడియ పడింది.

తమ్ముడు వెళ్ళి తలుపు మీద చెయ్యి వేశాడు. ఆ గది పేరెత్తితేనే చిందులు తొక్కింది ఆవిడే. "ఏంటిది? బయటికి రా!"

"రాను." తలుపు వెనకనుంచి గొంతు సన్నగా, స్పష్టంగా వచ్చింది. "నా ఒంటి మీదనుంచే వచ్చిందండీ అది. వదిన కాదు, ఎవరూ కాదు. రోజూ వచ్చాను, పిల్లకి పాలు పట్టాను, అదే ఒంటితో మసిగాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. రోగం మోసినవాళ్ళని బండెక్కించాలంటే ముందు నన్నెక్కించమనండి."

వల మనిషి భుజం మార్చుకున్నాడు. తమ్ముడి చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది, కొట్టడానికో, ఆనుకోడానికో వాడికే తెలియనట్టు. మెల్లగా తల తిప్పి కూతురి వైపు చూశాడు. "నీకు తెలుసా?"

పిచిక ఒళ్ళోని బుట్టని జాగ్రత్తగా మెట్టు మీద దించింది. లేచింది. తండ్రిని దాటుకుని తలుపు దగ్గరికి వెళ్ళి, రెండు అరచేతులూ దాని మీద ఆనించింది.

"అమ్మా," అని పిలిచింది.

ఆ పిలుపులో ఉన్నది కోపమో, క్షమించడమో, పదేళ్ళుగా ఆ గొంతు ప్రతి మెలికా ఎరిగిన స్టోరమ్మకి కూడా అర్థం కాలేదు. లోపల గడియ మీద చెయ్యి పడిన చప్పుడైంది. కానీ గడియ తియ్యలేదు.